వంకాయకు పురుగు సాక్ష్యం

వంకాయలో పురుగు కనిపిస్తే ఛీ అని పారేసే రోజులు మా చిననందిపురంలో కిందటి శ్రావణమాసంతో ముగిశాయి. ఆ మాసంలోనే మా పురపాలక సంఘం కమిషనర్ గారు రెండు రోజుల శిక్షణకని పట్నం వెళ్ళి, మూడో రోజుకు పూర్తిగా మారిన మనిషై తిరిగొచ్చారు. వెళ్ళేటప్పుడు ఆయనకు బీరపాదుకీ కాకరపాదుకీ తేడా తెలియదు. వచ్చాక కూడా తెలియదనుకోండి, కానీ ఇప్పుడు రెండింటి మీదా అభిప్రాయాలున్నాయి.

నేను ఆ కార్యాలయంలో జూనియర్ అసిస్టెంటుని. పేరు అవతారం. పేరు చూసి ఏమీ ఆశించకండి. పైనుంచి వచ్చిన కాగితాన్ని కిందికీ, కిందనుంచి వచ్చిన కాగితాన్ని పైకీ పంపడమే ఇరవై రెండేళ్ళుగా నేను చేస్తున్న పని. ఈ కథలో వచ్చే సర్క్యులర్లన్నీ నా చేతిరాతలోనే ఉన్నాయి, ఆలోచన మాత్రం నాది కాదు.

కమిషనర్ గారు తెచ్చిన పథకం పేరు 'ఇంటింటా సేంద్రియం'. ఊళ్ళో ప్రతి డాబా మీదా కూరగాయలు పండాలి. మందు చుక్క పడకూడదు. పండినది తినగా మిగిలితే వరుగులో, వడియాలో, పచ్చళ్ళో పెట్టి రుతువు దాటించాలి. ఇంతవరకూ ఎవరికీ అభ్యంతరం లేదు. చిక్కల్లా, ఎవరింట్లో పండింది సేంద్రియమో ఎవరింట్లో పండింది కాదో తేల్చేదెలా అన్న దగ్గరే వచ్చింది. ప్రయోగశాల పట్నంలో ఉంది. అక్కడికి తోటకూర కట్ట పంపితే ఫలితం మూడు నెలలకు వస్తుంది. అప్పటికి తోటకూర ఉండదు, ఒక్కోసారి పంపిన ఉద్యోగి కూడా బదిలీ అయిపోయి ఉంటాడు.

కమిషనర్ గారు ఒక పూటంతా గదిలో ఫ్యాను కింద ఆలోచించి నన్ను పిలిచారు. "అవతారం, పురుగు కంటే నిష్పాక్షికమైన అధికారి ఎవరు? మందు కొట్టిన ఆకును పురుగు తినదు. తిన్నదంటే అది సేంద్రియమే. పురుగు అనేది నడిచే ప్రయోగశాల. రాసుకో," అన్నారు. నేను రాసుకున్నాను.

'విషయము: గృహ సేంద్రియ ఉత్పత్తులు – పురుగు సాక్ష్యము – నిర్బంధము చేయుట – గురించి. ఇందుమూలముగా సమస్త పురజనులకు తెలియజేయడమేమనగా, పురుగు ముట్టని ఆకు మందు కొట్టిన ఆకుగా భావించబడును. ఆకు ఒక్కింటికి రంధ్రములు మూడింటికి తగ్గరాదు. సాక్ష్యము లేని తోటలను సమూలముగా పెరికివేయు అధికారము ఈ కార్యాలయమునకు కలదు.'

రంధ్రాలు లెక్కపెట్టడానికి గవర్రాజుని వేశారు. అతను మలేరియా విభాగంలో పద్దెనిమిదేళ్ళు దోమల మందు కొట్టిన మనిషి. పురుగుల్ని చంపడంలో అంత అనుభవం ఉన్నవాడికి వాటి మంచిచెడ్డలు బాగా తెలుస్తాయని కమిషనర్ గారి నమ్మకం. గవర్రాజు మొదటి వారం అలవాటు కొద్దీ చెప్పుతో రెండు గొంగళిపురుగుల్ని నలిపి సంజాయిషీ రాసిచ్చాడు. ఆ తర్వాత కుదురుకున్నాడు.

జనం కూడా కుదురుకున్నారు. ఆకుల్లో రంధ్రాలు లేని ఇళ్ళవాళ్ళు ఉన్న ఇళ్ళకు వెళ్ళి, పంచదార అడిగినట్టుగా పురుగులు అడిగి గ్లాసుల్లో తెచ్చుకున్నారు. మా తోడల్లుడి భార్య పుట్టింటి నుంచి ప్రత్యేకంగా తెప్పించుకుంది. అక్కడి పురుగులు మహా తిండిపోతులట. పదమూడో వార్డులో ఒకాయన మా ఆఫీసు నుంచే కాగితాలకు చిల్లులు పెట్టే పంచి పట్టుకెళ్ళి బచ్చలాకులన్నిటికీ మూడేసి కన్నాలు కొట్టేశాడు. రంధ్రాలు మరీ గుండ్రంగా, ఒకే వరసలో ఉండటంతో గవర్రాజు పట్టేశాడు. దాంతో పంచిలన్నీ బీరువాలో పెట్టి తాళం వేశారు. అప్పటి నుంచీ మా ఫైళ్ళలో కాగితాలు విడివిడిగానే తిరుగుతున్నాయి.

కార్తీకమాసానికి పురుగుని చంపడం సాక్ష్యాన్ని ధ్వంసం చేయడం కిందికి వచ్చింది. ఆ లెక్కన కోళ్ళు, గోరింకలు, బల్లులు నేరస్థులయ్యాయి. కోళ్ళను కట్టేయమని నోటీసులిచ్చాం. గోరింకలకు ఇవ్వడానికి చిరునామాలు దొరకలేదు. మాఘమాసంలో జనం వంకాయ వరుగులు, గోరుచిక్కుడు వరుగులు ఎండబెట్టుకుంటే, నిలవ సరుకులో కూడా పురుగు ఉండి తీరాలని ఇంకో సర్క్యులర్ వెళ్ళింది. పురుగు పట్టకుండా ఉండటానికే వరుగులు పెట్టేదని ఒక ముసలావిడ గవర్రాజుతో వాదించిందట. ఆ వాదనను రికార్డు చేసుకుని, ఆవిడ వరుగులు తిరస్కరించాడు.

చైత్రం వచ్చింది. ఊరంతా ఆవకాయ పెట్టుకుంది. కమిషనర్ గారు వార్డుకో జాడీ తెప్పించి, ఒక్కో జాడీలో రెండేసి ఆరోగ్యవంతమైన పురుగుల్ని వేయించి, గడియారం పట్టుకుని కూర్చున్నారు. ఉప్పు, కారం, ఆవపిండి, నువ్వులనూనె కలిసిన చోట పురుగు ఎంతసేపు ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. పద్నాలుగు జాడీల్లోనూ ఇరవై ఎనిమిది పురుగులూ దివంగతులయ్యాయి. కమిషనర్ గారు లేచి నిలబడి ఒక నిమిషం మౌనం పాటించారు. తర్వాత, పురుగును చంపేది ఏదైనా పురుగుమందేనని తేల్చారు.

మర్నాటికల్లా ఆవకాయ పురుగుమందుల జాబితాలో చేరింది. జాడీల మీద ఎర్ర త్రికోణం అంటించాలి. పిల్లలకు అందకుండా ఉంచాలి. చేతి తొడుగులు వేసుకుని కలుపుకోవాలి. ఎదురుగాలి ఉన్నప్పుడు వడ్డించకూడదు. జాడీ ఉన్న ప్రతి ఇంటికీ వెళ్ళి త్రికోణం అంటించే పని గవర్రాజు మీద పడింది. నేను భయపడిన రోజు అలా వచ్చింది.

నేను అద్దెకుండేది మంగతాయారు గారి ఇంటి కింది వాటాలో. ఆవిడ పైన ఉంటారు. పురపాలక ఆసుపత్రి పురిటి వార్డులో ముప్పై ఏళ్ళు నర్సుగా చేసి రిటైరయ్యారు. నేను పిన్నిగారూ అంటాను. ఆవిడ డాబా మీద ఏ కాలానికి ఆ కాలం మొక్కలుంటాయి. వానాకాలం బీర, ఆనప, చలికాలం టమాటా, చిక్కుడు, ఎండాకాలం గోంగూర, బచ్చలి. ఏడాది పొడవునా వరుగులు, ఊరమిరపకాయలు, గుమ్మడి వడియాలు డబ్బాల్లో ఉంటాయి. మందు మాట దేవుడెరుగు, ఆవిడ మొక్కలకు బోరు నీళ్ళు కూడా చల్లారబెట్టి పోస్తారు. అయినా ఒక్క ఆకుకీ ఒక్క చిల్లు ఉండదు. మొదటి సర్క్యులర్ రాసిన రోజే నాకు ఆ ఆకులు గుర్తొచ్చాయి. ఆవిడ ఇంటి ఫైలు తీసి నా బల్ల సొరుగులో అన్నిటికన్నా అడుగున పెట్టేశాను. నా ఉద్యోగ జీవితంలో అప్పటికి నేను చేసిన సాహసం అదొక్కటే.

ఆవిడ కోసం ఇంత బెంగ పడటానికి కారణం డాబా మీద ఉన్న ఐదు వంగమొక్కలు. అవి పొట్టి చారల వంకాయలు. ఆవిడ అత్తగారు ఆవిడకు అప్పగించిన రకం. బజార్లో దొరకవు, ఇంకెవరింట్లోనూ లేవు. కిందటేడు తుఫానుకు విత్తనాల డబ్బాలోకి నీళ్ళు పోయి అంతా కుళ్ళిపోతే, అడుగున మిగిలిన చారెడు గింజల్లో మొలిచినవి ఈ ఐదే. వాటికి నాలుగు కాయలు విత్తనానికని వదిలేశారు. అవి పసుపు రంగుకు తిరిగి మెత్తబడేదాకా మొక్కన ఉండాలి. మధ్యలో పురుగు తొలిచిందా, అంతటితో ఆ రకం భూమ్మీద ఉండదు. గడిచిన యాభై ఏళ్ళూ ఆ ఇంట్లో ఉడికిన గుత్తివంకాయ కూడా ఉండదు.

గవర్రాజు త్రికోణం అంటించడానికి మెట్లెక్కి, ఆ ఆకుల్ని చూసి ఆగిపోయాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. నేను వెనకే నిలబడ్డాను. అతను జేబులోంచి ఫారం తీసి మర్యాదగానే అడిగాడు.

"పురుగుల్లేకుండా ఏం వాడతన్నారండి, అమ్మా?"

"చెయ్యి," అన్నారు మంగతాయారు గారు.

"మందు పేరండి."

"పేరు అదే నాయనా. పొద్దున్నే లేచి ఆకూ ఆకూ తిరగేసి చూస్తాను. గుడ్లుంటే తుడిచేస్తాను. పురుగుంటే ఏరేస్తాను. మొవ్వు వాడిందంటే లోపల పురుగున్నట్టే, ఆ మొవ్వు తుంచేస్తాను. ఏ మందూ లేదు, ఈ చెయ్యే."

గవర్రాజు ఫారంలో 'రసాయనము పేరు' అన్న గడి ఖాళీగా వదలకూడదు. చాలాసేపు కలం పట్టుకుని నిలబడి, చివరికి 'చెయ్యి' అని రాశాడు. అందులో అతని తప్పేమీ లేదు. ఆ గడిలో నేనైనా అదే రాసేవాణ్ణి.

కమిషనర్ గారు ఆ ఫారం చూసి మురిసిపోయారు. ఇంతవరకూ ఏ శాస్త్రజ్ఞుడూ పసిగట్టని పురుగుమందును మన కార్యాలయం పసిగట్టిందన్నారు. మంగతాయారు గారికి నోటీసు పంపించారు. దాని ప్రకారం ఆవిడ ఇరవై ఒక్క రోజులు మొక్కల్ని ముట్టుకోకూడదు. ఆ గడువులో మొక్కలకు పురుగులు సహజంగా పడితే సేంద్రియమని ధ్రువపత్రం ఇస్తారు. పడకపోతే చేతి ప్రభావం మట్టిలోకి దిగిపోయినట్టు లెక్క, మొక్కల్ని పెరికేస్తారు. నోటీసు నా అక్షరాలే. నేనే పట్టుకెళ్ళి ఇచ్చాను.

ఆవిడ చదివి, కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. "అవతారం, పురుగు పడితే గింజ పోతుంది. పడకపోతే మొక్క పోతుంది. దీన్ని మీ ఆఫీసులో ఏమంటారు?"

"పరిశీలనలో ఉంది అంటామండి," అన్నాను. అన్నాక సిగ్గేసింది.

మొదటి నాలుగు రోజులు ఆవిడ డాబా మీద ముక్కాలిపీట వేసుకుని, చేతులు ఒళ్ళో కట్టుకుని, మొక్కల్ని చూస్తూ కూర్చున్నారు. ఊళ్ళో మిగతా ఆకులన్నీ అప్పటికే పురుగులు తినేశాయి. పథకం అంత విజయవంతమైంది మరి. తినడానికేమీ మిగలక, ఊళ్ళో ఉన్న పురుగులన్నీ ఆవిడ డాబాకి దారి పట్టాయి. ఐదో రోజుకు రెండు మొవ్వులు వాడి వేలాడాయి. ఆవిడ వేళ్ళు వాటికవే కదులుతుంటే చూడలేక నేను కిందికి దిగిపోయాను.

ఆరో రోజు కమిషనర్ గారికి ఇంకో ఆలోచన వచ్చింది. ఆ చేతుల పూర్వాపరాలు తెప్పించి చూస్తే, ముప్పై ఏళ్ళు పురుళ్ళు పోసిన చేతులని తేలింది. ఆసుపత్రి రిజిస్టరు ప్రకారం నాలుగు వేల ఎనిమిది వందల పదహారు మంది ఈ లోకంలోకి వస్తూనే ఆ చేతుల్లో పడ్డారు. అంటే, నిషేధిత పురుగుమందు వారందరికీ పుట్టిన క్షణంలోనే అంటింది. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, "ప్రజారోగ్యం, అవతారం. రాసుకో," అన్నారు.

'పై విషయమును పురస్కరించుకొని, సదరు చేతుల యందు జన్మించిన పురజనులందరును అవశేష పరీక్షకు హాజరు కావలెను. పరీక్షార్థి ముంజేతిపై సజీవమైన పురుగు నొకదానిని పది నిమిషములు నడిపించవలెను. పురుగు మరణించినచో అవశేషము కలదనియు, నడచినచో లేదనియు నిర్ధారింపబడును. రసాయనము గల స్థలముననే, అనగా సదరు గృహము డాబాపైననే, పరీక్ష జరుగును. పరీక్షకు వాడిన పురుగులు కార్యాలయమునకు జమ చేయవలెను.'

మర్నాడు పొద్దున మా వీధిలో బారు తీరింది. రిక్షా కార్మికులు, లెక్కల మాస్టార్లు, టైలర్లు, ఒక ఎల్‌ఐసీ ఏజెంటు, ఇద్దరు పెళ్ళికొడుకులు అందరూ చొక్కా చేతులు మడిచి మెట్ల మీద నిలబడ్డారు. డాబా మీద గవర్రాజు బల్ల వేసుకున్నాడు. పరీక్షకు పురుగులెక్కడివన్న ప్రశ్న వచ్చింది. ఆఫీసులో లేవు. ఊళ్ళో లేవు. ఉన్నవల్లా ఆ ఐదు వంగమొక్కల మీదే ఉన్నాయి. గవర్రాజు సర్క్యులర్ ఇంకోసారి చదివి, ఎవరి పురుగు వాళ్ళే తీసుకోవాలని ప్రకటించాడు.

ఇక చూడాలి. వచ్చిన ప్రతివాడూ వరస తప్పకుండా మొక్క దగ్గరికి వెళ్ళి, ఆకు తిరగేసి, ఒక పురుగును ఏరుకుని బల్ల దగ్గరికి రావడం. దొరకనివాళ్ళకు మంగతాయారు గారు పీట మీద నుంచే దారి చూపించారు. మొక్కల్ని ముట్టుకోవద్దన్నారు కానీ, మాట్లాడొద్దని నోటీసులో లేదు. "ఆ కుడిపక్క వాడిన మొవ్వు చూడు, శేషగిరీ. తుంచి విప్పు, లోపలుంటుంది," అనేవారు. పుట్టినప్పుడు ఎవరు ఏడిచారో, ఎవరు ఏడవకుండా భయపెట్టారో కూడా చెప్పేవారు. లెక్కల మాస్టారు పుట్టినప్పుడు తలకిందులుగా పట్టుకుని వీపు మీద చరిస్తే గానీ కేరుమనలేదట. ఆయన శిష్యులు ఇద్దరు బారులో ఉండి అది శ్రద్ధగా విన్నారు.

పది రోజులు తిరునాళ్ళలా జరిగింది. డాబా మీద ముంజేతుల మీద పురుగులు నడుస్తుంటే జనం పందేలు కట్టుకున్నారు. ఎవరి పురుగు మోచేతి దాకా ముందు వెళ్తే వాళ్ళు గెలిచినట్టు. ఒక పెళ్ళికొడుకు పురుగు గాఢనిద్రలోకి జారుకుంటే, అది మరణమా నిద్రా అన్నది తేలక మూడు గంటలు పరీక్ష ఆగిపోయింది. ఆఖర్న గవర్రాజు బల్ల పక్కకు నెట్టి, తన చొక్కా చెయ్యి కూడా మడిచాడు. అతనూ ఆవిడ చేతుల్లో పుట్టినవాడే. ఒక ఆకు తిరగేసి చూశాడు, ఇంకో ఆకు, ఆ పైన ఐదు మొక్కలూ పూర్తిగా వెతికాడు. ఒక్క పురుగు కూడా దొరకలేదు. తన పరీక్ష పెండింగులో ఉన్నట్టు తనే రాసుకుని, ఆవిడ కాళ్ళకు దండం పెట్టి వెళ్ళాడు.

ఇరవై ఒకటో రోజు కమిషనర్ గారు నలుగురు కూలీలతో, రెండు గునపాలతో వచ్చారు. ఆకులు నిగనిగలాడుతున్నాయి. నాలుగు కాయలూ పసుపు రంగుకు తిరిగి నిండుగా వేలాడుతున్నాయి. ఆయన భూతద్దంతో గంటసేపు వెతికి నిట్టూర్చారు. సాక్ష్యం శూన్యం, పెరికేయండి అన్నారు. నాకు నోరెలా వచ్చిందో తెలియదు. ఆఫీసుకు జమ అయిన పురుగుల రిజిస్టరు ఆయన ముందు పెట్టాను. ఆ మొక్కల మీద నుంచి ఆరు వందల పన్నెండు పురుగులు మన సర్క్యులర్ ప్రకారమే ఏరబడి, మన స్టాంపుతోనే జమ అయ్యాయని మనవి చేశాను.

ఎవరైనా ఇక్కడ తప్పు ఒప్పుకుంటారు. కమిషనర్ గారు మాత్రం అందరిలాంటివారు కాదు. ఆయన ముఖం వెలిగిపోయింది. "ఏరింది ఎవరు? జనం. దేనితో? చేతులతో. అయితే ఈ రసాయనం ఈవిడ ఒక్కరి దగ్గరే లేదన్నమాట. ఊరంతా పాకింది. రాసుకో."

ఊళ్ళో చేతులున్న ప్రతివారూ తమ దగ్గరున్న నిల్వను మూడు రోజుల్లో ఫారం నింపి ప్రకటించాలని, పై అధికారుల నుంచి వివరణ వచ్చేవరకూ ఏ చెయ్యీ ఏ మొక్క మీదా ప్రయోగించరాదని, ప్రయోగించిన ఉద్యోగిని తక్షణం సస్పెండ్ చేస్తామని రాసుకున్నాను. ఆయన సంతకం పెట్టారు. కూలీలు నలుగురూ చేతుల్లో ఉన్న గునపాల వంకా, గునపాలు పట్టుకున్న చేతుల వంకా చూసుకున్నారు. గవర్రాజు అమాయకంగా అడిగాడు.

"మరి వీళ్ళు దేంతో పీకుతారండి, సార్?"

కమిషనర్ గారు ఆలోచించి, పీకడం కూడా వివరణ వచ్చేవరకు వాయిదా వేశారు. అందరూ మెట్లు దిగి వెళ్ళిపోయారు. మొక్కలు నిలిచాయి. నేను ఎగిరి గంతేయబోయి ఆవిడ ముఖం చూసి ఆగాను.

"కాయలు ముదిరిపోయాయి అవతారం," అన్నారు ఆవిడ. "ఇవాళో రేపో వాన పడుతుంది. తడిస్తే కుళ్ళిపోతాయి. నేను ముట్టుకుంటే ఆ సాకుతో మొక్కలు పీకేస్తారు. ఎవరు కోస్తారిప్పుడు?"

పడమట మబ్బు నల్లగా లేచింది. పై అధికారుల వివరణ ఎప్పుడొస్తుందో ఇరవై రెండేళ్ళ సర్వీసున్న నాకు బాగా తెలుసు. ఆ వంకాయకు అంత వ్యవధి లేదు. నాకు పెళ్ళాం పిల్లలున్నారు, ఇంకా పదకొండేళ్ళ సర్వీసుంది, నిజంగానే భయమేసింది. చొక్కా చేతులు మడిచాను.

ఆవిడ చెబుతుంటే ఒక్కొక్క కాయే కోశాను. చీల్చి, గుజ్జు పిసికి, గింజలు నీళ్ళలో వేశాను. తేలినవి పారబోసి, మునిగినవి ఉంచుకున్నాను. వాటిని బూడిదలో కలిపి పొడి గుడ్డ మీద పరిచి, వాన మొదటి చుక్క పడేలోగా లోపల గదిలో పెట్టాను. ఆవిడ ఒళ్ళో చేతులు అలాగే ఉంచుకుని ఏడుస్తూ నవ్వారు. నేను కూడా నవ్వాను. అంత సంతోషం నాకు ఉద్యోగం వచ్చినప్పుడు కూడా కలగలేదు.

మర్నాడు ఆఫీసుకు వెళ్ళి, చేతుల ప్రకటన ఫారం ఊళ్ళో అందరికంటే ముందు నేనే నింపాను. ఇరవై రెండేళ్ళలో నా సొంత ఆలోచనతో రాసిన మొదటి కాగితం అది. రసాయనము పేరు: చెయ్యి. నిల్వ: రెండు. ప్రయోగించిన పంట: వంకాయ. ప్రయోగించినవారు: అవతారం, జూనియర్ అసిస్టెంట్. చివరి గడిలో అవశేషములు ఏమైనా ఉన్నవా అని అడిగారు. చేతులు వెలుగులోకి పెట్టి చూసుకుని, గోళ్ళలో కొంచెం బూడిద ఉన్నదని రాసి, కింద సంతకం చేశాను.